లాగవుట్ బటన్ లేని లోకాలు: డాట్ హ్యాక్ నుంచి అమీర్‌పేట హాస్టల్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఆన్‌లైన్ గేమ్ లోపల జరిగే పాత యానిమేల గురించి మాట్లాడుకుందాం. ఈ మాట అనగానే "స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ కదా అన్నా" అంటారు. అదీ ఉంది. కానీ దానికి పదేళ్ల ముందే ఒకటి వచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడు రెండో ఎపిసోడ్‌కే నిద్రపోయా. అదే సిరీస్‌ని ఇప్పుడు అన్నిటికంటే పైన పెడుతున్నా. ఎందుకో చెప్తా. స్పాయిలర్లు ఉంటాయి, తర్వాత నన్ను తిట్టొద్దు.

దాని పేరు డాట్ హ్యాక్ సైన్. 2002 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో మొదలైంది. స్టూడియో బీ ట్రైన్, డైరెక్టర్ కోయిచి మషిమో. కథ రాసింది కజునోరి ఇతో. 1995లో వచ్చిన ఘోస్ట్ ఇన్ ద షెల్ సినిమాకి స్క్రీన్‌ప్లే ఈయనదే. క్యారెక్టర్ డిజైన్ ఎవాంజెలియన్ ఫేమ్ యోషియుకి సదమోతో. అంటే చిన్న టీమేం కాదు.

టైమింగ్ కూడా గమనించండి. అల్టిమా ఆన్‌లైన్ 1997లో, ఎవర్‌క్వెస్ట్ 1999లో వచ్చేశాయి. 2002 మేలో జపాన్‌లో ఫైనల్ ఫాంటసీ 11 మొదలైంది. వేలమంది ఒకే లోకంలో కలిసి బతకడం అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఇంకో తమాషా ఏంటంటే, ఈ యానిమేతో పాటు ప్లేస్టేషన్ 2కి వచ్చిన డాట్ హ్యాక్ గేమ్స్ అసలు ఆన్‌లైన్ గేమ్సే కావు. మీరు ఒక్కరే ఆడతారు, చుట్టూ ఉన్న "ప్లేయర్లు" అందరూ ప్రోగ్రామే. ఆన్‌లైన్ లోకాన్ని ఆఫ్‌లైన్‌లో నటించి చూపించారన్నమాట.

కథకొస్తే, "ద వరల్డ్" అనే గేమ్‌లో త్సుకాసా అనే ప్లేయర్ లాగవుట్ కాలేడు. బయట ఆ శరీరం ఆసుపత్రిలో కోమాలో ఉంటుంది. ఇక ఫైట్లే ఫైట్లు అనుకుంటాం కదా? ఉండవు. 26 ఎపిసోడ్లలో సగం టైమ్ జనం ఎక్కడో ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటూనే ఉంటారు. నేను నిద్రపోయింది అందుకే. కానీ మెల్లగా ఒక విషయం అర్థమవుతుంది. త్సుకాసాకి బయటికి వెళ్లాలనే లేదు. ఇంట్లో కొట్టే తండ్రి ఉన్నాడు. గేమ్‌లో అబ్బాయిగా తిరుగుతున్న త్సుకాసా బయట ఒక అమ్మాయి. లాగవుట్ అయితే మళ్లీ ఆ ఇంటికే కదా!

అదే 2002లో ఇంకో కథ కూడా పుట్టింది. రెకి కవహరా ఒక నవలల పోటీకి రాయడం మొదలుపెడితే పేజీలు లిమిట్ దాటిపోయాయి. పంపకుండా తన వెబ్‌సైట్‌లో పెట్టేశాడు. అదే స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్. పుస్తకంగా 2009లో, యానిమేగా 2012 జూలైలో వచ్చింది. కథలో గేమ్ లాంచ్ డేట్ 2022 నవంబర్ 6. 10,000 మంది లోపల ఇరుక్కుంటారు, 100 అంతస్తులు క్లియర్ చేయాలి, లోపల చస్తే బయట కూడా చస్తారు. రూల్ క్లియర్, విలన్ క్లియర్. అందుకే ప్రపంచమంతా ఎక్కేసింది. మ్యూజిక్ ఎక్కడో విన్నట్టు ఉంటే మీ చెవి కరెక్టే, రెండింటికీ యుకి కజియురానే.

నా రివ్యూ చెప్పాలంటే, ఫస్ట్ ఎపిసోడ్ ఇప్పటికీ సూపర్. కానీ రెండేళ్ల జైలు జీవితాన్ని 14 ఎపిసోడ్లలో పరిగెత్తించేశారు. రెండో సగంలో అంత మంచి ఫైటర్ అసునాని పంజరంలో కూర్చోబెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు.

2013లో లాగ్ హొరైజన్ వచ్చింది. ఇక్కడ 30,000 మంది జపాన్ ప్లేయర్లు గేమ్‌లో ఇరుక్కుంటారు, కానీ చస్తే మళ్లీ బతుకుతారు. మరి టెన్షన్ ఏంటి? ఏం తిన్నా రుచి ఉండదు! మెనూ నొక్కి చేసిన వంట అంతా ఒకటే చప్పదనం. అమీర్‌పేట హాస్టల్ సాంబార్ తిన్నవాళ్లకి ఈ బాధ వివరించక్కర్లేదు. హీరో షిరోయె కత్తి కంటే మీటింగ్‌లని ఎక్కువ నమ్ముకుంటాడు. గిల్డులన్నింటినీ కూర్చోబెట్టి ఊరికి ఒక ప్రభుత్వం తయారుచేస్తాడు. మూడింటిలో బుర్రకి ఎక్కువ పని పెట్టేది ఇదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2000ల మధ్యలో లెవెల్ అప్ అనే కంపెనీ రాగ్నరోక్ ఆన్‌లైన్‌కి ఇండియా సర్వర్ నడిపింది. ఆ గేమ్ మీద 2004లో యానిమే కూడా వచ్చింది. మనవాళ్లు ఇలాంటివి ఆడింది ఎక్కువగా నెట్ సెంటర్లలోనే. అక్కడ లాగవుట్ సమస్యే లేదు. గంట అవగానే "టైమ్ అయిపోయింది బాబూ" అని కౌంటర్ నుంచి ఒక కేక, అంతే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఆ కేక ఆగిపోయింది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చేసరికి ఆ లోకం మన దిండు కిందికే వచ్చేసింది.

నేను అమీర్‌పేటకి వచ్చింది అదే 2018లో. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం లేదు. పొద్దున మైత్రీవనం దగ్గర జావా క్లాసు, రాత్రి హాస్టల్ రూమ్‌లో పబ్జీ. ఇంట్లో నుంచి ఫోన్ వస్తే భయం, ఏమని చెప్పాలి? అందుకే గేమ్‌లోనే ఉండేవాణ్ణి. అప్పట్లో డాట్ హ్యాక్ చూసి ఉంటే త్సుకాసా ఎవరో నాకు వెంటనే అర్థమయ్యేది.

మా స్క్వాడ్‌లో నలుగురం. ముగ్గురం రూమ్‌మేట్స్. నాలుగో అతను రాండమ్‌గా కలిశాడు, అసలు పేరు తెలీదు, "అన్నా" అనేవాళ్లం. ఎప్పుడూ మైక్ ఆన్ చేసేవాడు కాదు. ఒకరోజు అడిగితే టైప్ చేశాడు: అమ్మ ఆసుపత్రిలో ఉంది, పంజాగుట్ట, వార్డు బయట కూర్చున్నా, మాట్లాడితే సిస్టర్ అరుస్తుంది అని.

పంజాగుట్ట. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. అప్పటికే ఆ లైన్ తెరిచారు. నడిచినా వెళ్లిపోవచ్చు. మేం "టేక్ కేర్ అన్నా" అని టైప్ చేసి, నెక్స్ట్ మ్యాచ్ స్టార్ట్ చేశాం. దాదాపు నెల రోజులు రోజూ ఆడాం. ఒక్కరం కూడా వెళ్లలేదు. ఏ ఆసుపత్రో అడగలేదు, తిన్నావా అని కూడా అడగలేదు. తర్వాత ఒకరోజు నుంచి అతను రావడం మానేశాడు.

2020 సెప్టెంబర్ 2న పబ్జీ బ్యాన్ అయింది. అక్టోబర్ 30న సర్వర్లు కూడా ఆపేశారు. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, మా ముగ్గురి ఐడీలు తిరిగొచ్చాయి. ఆ ఐడీ మాత్రం మళ్లీ ఆన్‌లైన్‌లో కనపడలేదు.

ఆ తర్వాతే డాట్ హ్యాక్ మళ్లీ పెట్టా. ఈసారి నిద్ర రాలేదు. అందులో బేర్ అని ఒక పెద్ద వయసు ప్లేయర్ ఉంటాడు. అతనికి పెద్ద పవర్స్ ఏమీ ఉండవు. కానీ త్సుకాసా వెనకాల ఉన్న మనిషి ఎవరో తెలుసుకోవాలని గేమ్ బయట వెతుకుతాడు. చివర్లో త్సుకాసా బయటికొచ్చి, తన ఫ్రెండ్ సుబారుని నిజంగా కలుస్తుంది. గేమ్‌లో గొప్ప లీడరైన ఆ సుబారు బయట వీల్‌చైర్‌లో ఉంటుంది.

స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ బయటికి ఎలా రావాలని అడిగింది. లాగ్ హొరైజన్ లోపల ఎలా బతకాలని అడిగింది. ఈ పాత, స్లో సిరీస్ మాత్రం, లోపల ఉన్నవాడి కోసం బయట ఎవరు వెతుకుతారు అని అడిగింది. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు.

కాబట్టి డాట్ హ్యాక్ సైన్ చూడండి, మొదటి ఐదు ఎపిసోడ్లు ఓపిక పట్టండి. ఇంకో పని, ఈ రాత్రి మీ స్క్వాడ్‌లో రాండమ్‌గా కలిసినవాడి అసలు పేరు అడగండి. అన్నా, నువ్వెక్కడున్నా సరే, ఈ వీడియో నీకు కనపడితే ఒక్క హాయ్ చెప్పు. అమ్మ ఎలా ఉంది?