కదిలి నిలిచిన ప్రార్థనాలయం

వాషింగ్టన్ నగరం నడిబొడ్డు. 1969 డిసెంబరు 18. జీ వీధి పక్కన జనంలో మనమూ నిలబడి ఉన్నాం. అందరి చూపూ ఆరో వీధి వైపే. ముందుగా కనబడింది కప్పు మీది చిన్న గుమ్మటం. దాని కింద పొడుగాటి కిటికీలున్న ఇటుక గోడ. గోడ కింద మాత్రం పునాది లేదు. ఉక్కు దూలాలున్నాయి, వాటి కింద చక్రాలున్నాయి. తొంభై మూడేళ్లు ఒకే మూల మీద నిలబడిన కట్టడం నేల వదిలి, మనిషి నడక కన్నా నెమ్మదిగా కదులుతోంది.

ఒక్క కుదుపు వస్తే చాలు, పాత సున్నం అతుకులు విడిపోతాయి. అందుకే చూసేవాళ్ల కళ్లు గుమ్మటం మీద కాదు, చక్రాల మీద ఉన్నాయి. రోడ్డు ఎక్కడ పల్లంగా ఉంది, ఎక్కడ వాలింది అన్నదే ఈ పూట లెక్క.

వెళ్లాల్సింది మూడు వీధుల దూరం. ఆరో వీధి మూల నుంచి మూడో వీధి మూలకు. మధ్యలో పెన్షన్ బిల్డింగ్ అనే ఎర్ర ఇటుకల కోట లాంటి భవనం ఉంది. దానికి అవతల జ్యుడీషియరీ స్క్వేర్‌లో, సరిగ్గా తొమ్మిది రోజుల కిందట, మెట్రో రైలు కోసం తొలి గుంత తవ్వారు. ఆ మెట్రో సంస్థకు ప్రధాన కార్యాలయం కావాలి. దానికి ఎంచుకున్న స్థలంలోనే ఈ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం ఉంది. కదలాలి, లేదా కూలాలి.

ఆ పొడుగాటి కిటికీల్లోంచి ఒకసారి లోపలికి తొంగిచూద్దాం. లోపల 1876 జూన్ 9 ఉంది.

మెట్లెక్కి పై అంతస్తుకు వస్తే ప్రార్థన మందిరం. మగవాళ్లు కింద, ఆడవాళ్లు చుట్టూ ఉన్న మేడ వసారాల్లో. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు ఉంచే పేటిక కోసం గోడను కొంచెం బయటికి నెట్టి కట్టారు. ఈ సంఘం పేరు అదాస్ ఇజ్రాయెల్. ఊళ్లోని పెద్ద సంఘం ప్రార్థనల్లో కొత్త పద్ధతులు తెస్తుంటే ఒప్పుకోలేక, 1869లో కొన్ని కుటుంబాలు విడిపోయి దీన్ని పెట్టుకున్నాయి. ఏళ్ల తరబడి ఇళ్లలో, అద్దె గదుల్లో ప్రార్థనలు చేసుకుని, కూడబెట్టుకున్న డబ్బుతో కట్టుకున్న మొదటి సొంత గూడు ఇది. ఈ రోజు దాని ప్రతిష్ఠ.

ముందు వరసలో కూర్చున్నది దేశాధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు సినగాగ్ ప్రార్థనకు రావడం ఇదే మొదలు. వేడుక మూడు గంటలకు పైగా సాగింది. భాష తెలియని ప్రార్థన, జూన్ నెల వాషింగ్టన్ ఉక్క. అయినా ఆయన మధ్యలో లేవలేదు. వెళ్లేముందు పది డాలర్లు చందా ఇచ్చాడు.

ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లకు ఆ రాక ఎంత బరువైనదో తెలియాలంటే మరో తేదీ గుర్తుండాలి. 1862 డిసెంబరు 17. అంతర్యుద్ధంలో సేనాపతిగా ఉన్న ఇదే గ్రాంట్, తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరూ 24 గంటల్లో వెళ్లిపోవాలని ఆదేశించాడు. కొద్ది వారాల్లోనే అప్పటి అధ్యక్షుడు లింకన్ దాన్ని రద్దు చేయించాడు. కానీ పోయేవాళ్లు మూటలు సర్దుకుని పోయారు. పద్నాలుగేళ్ల తర్వాత, పొమ్మన్న మనిషే వచ్చి, వీళ్లు ఉండటానికి కట్టుకున్న ఇంట్లో మూడు గంటలు కూర్చున్నాడు. ఆ గోడలను ఎందుకు కూల్చకూడదు అని ఎవరైనా నన్నడిగితే, వాస్తు అందం గురించి మాట్లాడను. ఈ మూడు గంటలు చాలు అంటాను.

తిరిగి వీధిలోకి వద్దాం. కట్టడం ఇంకా కదులుతూనే ఉంది.

నిజానికి దాన్ని కట్టుకున్న సంఘం ఇప్పుడు ఇందులో లేదు. చోటు చాలక 1908లోనే ఉత్తరాన రెండు వీధుల అవతల, ఆరో వీధి, ఐ వీధి కలిసే మూలలో పెద్ద గుమ్మటంతో కొత్తది కట్టుకుని వెళ్లిపోయింది. పాతదాన్ని ఒక ఇటాలియన్ వ్యాపారి కొన్నాడు. మేడ మీద గ్రీకు క్రైస్తవులు ప్రార్థనలు చేసుకున్నారు, తర్వాత మరో చర్చి వాళ్లు. కింద రోడ్డు వైపు షాపులు: సైకిళ్లది, మంగలిది, తిండి దుకాణం. పేటలో కొత్తగా దిగినవాళ్లందరికీ ఈ ఇల్లు ఎక్కడో ఒకచోట చోటిచ్చింది. పక్క వీధి హెచ్ స్ట్రీట్‌లో చైనావాళ్లు 1930ల మొదట్లో చేరారు. వాళ్లనూ అంతకుముందున్న చోటి నుంచి ప్రభుత్వ భవనాల కోసమే ఖాళీ చేయించారు.

ఊరి నైరుతి భాగంలోనూ ఒక యూదుల పేట ఉండేది. గాయకుడు ఆల్ జోల్సన్ తండ్రి అక్కడి తాల్ముద్ తోరా సంఘంలో ప్రార్థన గీతాలు పాడించేవాడు. 1950ల్లో మురికివాడల నిర్మూలన పేరుతో ఆ ప్రాంతాన్ని దాదాపు మొత్తంగా నేలమట్టం చేశారు. నా దుకాణం మురికివాడ కాదు, బాగానే ఉంది కదా అని ఒక షాపు యాజమాన్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1954లో కోర్టు తీర్పు చెప్పింది: ప్రాంతం మొత్తాన్ని బాగుచేసే పథకమైతే, బాగున్న కట్టడాన్నీ తీసుకోవచ్చు. ఆ తీర్పు నీడలోనే తర్వాతి ఏళ్లలో అమెరికా నగరాల్లో ఎన్నో పేటలు మాయమయ్యాయి.

ఇక్కడ నిలబడితే ఆ నీడ తెలుస్తుంది. పడమర ఒక్క వీధి అవతల ఏడో వీధి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినప్పుడు ఆ వీధి పొడవునా షాపులు తగలబడ్డాయి. వాటిలో యూదుల షాపులూ ఉన్నాయి. వాటి యజమానుల కుటుంబాలు చాలావరకు అప్పటికే శివార్లకు వెళ్లిపోయాయి. తూర్పున ఫ్రీవే కోసం లోతైన కందకం. ఇంత ఖాళీ అవుతున్న చోట, కట్టినవాళ్లు అరవై ఏళ్ల కిందటే వదిలేసిన గోడలను నిలబెట్టాలని ఎవరికి పట్టింది?

పట్టింది కొద్దిమందికే. 1960లో ఏర్పడ్డ వాషింగ్టన్ యూదుల చరిత్ర సంఘానికి. వాళ్లు నగర ప్రభుత్వం తలుపు తట్టారు. అప్పట్లో ఆ తలుపు వెనక ఇంకో తలుపుండేది. వాషింగ్టన్ ప్రజలకు మేయర్‌ను ఎన్నుకునే హక్కే లేదు, అప్పటి మేయర్ వాల్టర్ వాషింగ్టన్‌ను అధ్యక్షుడు నియమించాడు, నగరం పగ్గాలు కాంగ్రెస్ చేతిలో ఉండేవి. కాబట్టి రెండు చోట్లా ఒప్పించాలి. ఒప్పించారు. కట్టడం చారిత్రక స్థలాల జాతీయ జాబితాలోకి ఎక్కింది. మూడో వీధి మూలలో చోటు దొరికింది. లీజు 99 ఏళ్లకు, ఏడాదికి ఒక్క డాలరు.

ఆ ఒక్క డాలరును దయ అనుకోకూడదని నా గట్టి నమ్మకం. రోడ్లు, కార్యాలయాలు, కందకాలు గీసి ఒక పేటను ఖాళీ చేయించే శక్తి ప్రభుత్వానికి ఉన్నప్పుడు, ఆ పేట జ్ఞాపకానికి చారెడు నేల ఇవ్వడం బాకీ తీర్చుకోవడమే అవుతుంది.

అయితే ఈ ఊరేగింపు చూస్తూ సంతోషపడుతున్నప్పుడే ఒక సంగతి గుచ్చుకుంటుంది. లీజు ఇచ్చింది ప్రార్థన చేసే సంఘానికి కాదు, చరిత్ర సంఘానికి. మ్యూజియం కోసం. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టిన దేశం కాబట్టి, ఇటుకలకు సాయం చేయడం సులువు, వాటి మధ్య తల వంచే మనుషులకు చేయడం కష్టం. ఆ గోడ ఉండాల్సిందే, మైనారిటీ మతాలకు దాని అవసరమే ఎక్కువ. కానీ సామూహిక ప్రార్థనకు యూదులకు కనీసం పదిమంది పెద్దవాళ్లు కావాలి. ఆ పదిమందినీ ఏ లీజూ ఇవ్వలేదు.

పదిమంది ఉండటానికి కారణం వాళ్ల కాళ్లే. వారానికో విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు వాహనం ఎక్కకూడదన్న నియమం పాటించేవాళ్లకు సినగాగ్ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. మనుషులు పేట వదిలితే ప్రార్థనాలయం వాళ్ల వెంట పోవాల్సిందే. 1950లో యూదు మతంలోని కన్సర్వేటివ్ శాఖ పండితులు, ప్రార్థనకు వచ్చేందుకు మాత్రం సబ్బాతు నాడు కారు నడపవచ్చన్నారు. శివార్లకు తరలిన జీవితాన్ని ఆ నిర్ణయం ఒప్పుకున్నట్టయింది. మరుసటేడు, 1951లో, అదాస్ ఇజ్రాయెల్ సంఘం తన రెండో ఇంటిని కూడా వదిలి కనెక్టికట్ అవెన్యూకు తరలిపోయింది. గుమ్మటం ఉన్న ఆ మందిరం టర్నర్ మెమోరియల్ అనే నల్లజాతి మెథడిస్టు చర్చి అయింది.

యాభై ఏళ్లు ముందుకు, 2002కు వద్దాం. ఇప్పుడు ఆ చర్చి సభ్యులూ శివార్లలోనే ఉన్నారు. చర్చి అక్కడికే తరలిపోతూ కట్టడాన్ని అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్లు అక్కడ నైట్‌క్లబ్ పెడతారట. కబురు చరిత్ర సంఘానికి చేరింది, అక్కడి నుంచి షెల్టన్ జుకర్‌మన్ అనే బిల్డర్‌కు. ఆయనకు ఏబ్ పోలిన్, డగ్లస్ జెమాల్ తోడయ్యారు. ముగ్గురూ వ్యాపారులు, ముగ్గురూ యూదులు. పోలిన్ అయితే 1997లో నాలుగడుగుల దూరంలోనే పెద్ద క్రీడా మైదాన భవనం కట్టి, ఖాళీ అయిన ఈ పేటకు మళ్లీ జనాన్ని రప్పించినవాడు. ప్రభుత్వం చేయలేని పని ముగ్గురి సొంత డబ్బు చేసింది. 2004లో అది సిక్స్త్ అండ్ ఐ పేరుతో మళ్లీ సినగాగ్ అయింది.

పాత కట్టడం కథ మూడో వీధిలో ఆగిందనుకుంటే పొరపాటు. అక్కడ అది మ్యూజియంగా నిలిచింది. తర్వాత ఫ్రీవే కందకం మీద కప్పు వేసి, ఏడెకరాల కొత్త నేల పుట్టించి, భవనాలు లేపే పథకం వచ్చింది. మళ్లీ కదలాలి. 2016 నవంబరు 3న చక్రాల మీద పక్కకు జరిపారు. 2019 జనవరి 9న మూడో ప్రయాణం.

ఇదిగో, ఆ ఉదయం మూడో వీధిలో నిలబడ్డాం. ప్రభుత్వం మూతపడి ఉంది, బడ్జెట్ గొడవతో ఉద్యోగులు ఇళ్లలో ఉన్నారు. వీధిలో మాత్రం 273 టన్నుల ఇటుక, కలప ఎఫ్ వీధి మూల వైపు అంగుళం అంగుళంగా వెళ్తోంది. 1969లో పక్కవాడి భుజం మీంచి చూశాం, ఈసారి అందరి చేతుల్లో ఫోన్లు. పక్కనే ఇటాలియన్ల పాత చర్చి హోలీ రోజరీ. నూట నలభై రెండేళ్ల వయసున్న గోడలకు ఇది మూడో మకాం మార్పు. ఈ మూలలో దానికి ఆనుకుని కట్టిన కొత్త మ్యూజియం 2023లో తెరిచారు, తేదీ జూన్ 9. గ్రాంట్ కూర్చున్న రోజు అదే.

ఇక శుక్రవారం సాయంత్రం. సబ్బాతు మొదలవుతోంది. గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషన్ ఎస్కలేటర్ మీద యువతీ యువకులు పైకి వస్తున్నారు, ఆఫీసు సంచులు భుజాన వేసుకుని. సబ్బాతు నాడు రైలెక్కని తాతలకు ఇది నచ్చేది కాదు. కానీ ఆ పాత కట్టడాన్ని కదిలించిన సంస్థ రైళ్లే ఈ సాయంత్రం ఆరో వీధికి జనాన్ని దింపుతున్నాయి. మనమూ వాళ్ల వెనకే చైనాటౌన్ వీధుల్లోంచి నడిచి, గుమ్మటం ఉన్న సిక్స్త్ అండ్ ఐ మెట్లెక్కుతున్నాం. ఇక్కడ సభ్యత్వం, ఏటా చందా అంటూ లేవు. పుట్టిన ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చి ఎవరూ తెలియనివాళ్లు, రెండేళ్లలో మళ్లీ వెళ్లిపోయేవాళ్లు కూడా రావచ్చు. తలుపు దగ్గర ఒకరు పలకరించి లోపలికి పంపుతున్నారు. బల్లలు నిండాయి, మేడ వసారాలోనూ జనమే. ఇంకా వస్తున్నారు, పదిమంది అయ్యారా అని ఎవరూ లెక్కపెట్టడం లేదు.