గడ్డకట్టేలోపు

అమెరికాలోని డెన్వర్. పళ్ళ వరస సరిచేసే డాక్టరు ఆల్బర్ట్ కెచమ్ ఓ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టుకున్నాడు. పైకి ఏ వంకా లేదు, వరస చక్కగా కుదిరింది. చిక్కంతా చిగురు లోపల. సన్నగా మొనదేలి ఉండాల్సిన పన్ను వేరు పొట్టిదై, కొస మొద్దుబారి కనిపిస్తోంది. ఇంకో ఫిల్ము తీశాడు. అందులోనూ అంతే. ఆయన కప్పిపుచ్చుకోలేదు. 1927లో అచ్చువేయించి తోటి డాక్టర్ల ముందు పెట్టాడు. రెండేళ్ళకు ఆ దేశపు ఆర్థోడాంటిస్టుల బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

క్లిప్పులు వేసినప్పుడు పన్ను ఎముకలో దారి చేసుకుంటూ కదులుతుంది. నొక్కుడు పడ్డ వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్తది పుడుతుంది. కింది దవడ ముందు పళ్ళ దగ్గర కొందరికి ఆ ఎముక ఉల్లిపొరంత. అక్కడ పన్నును ముందుకి తోస్తే చిగురు దిగి వేరు బయటపడొచ్చు. కొస అరిగి పొట్టిదైన వేరు మళ్ళీ పెరగదు.

దీనికి కాపు వెతుకుతున్నవాళ్ళ చేతికి ఓ పరీక్షనాళిక అందింది, అదీ ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి, ఓ మత్తు డాక్టరు దగ్గర్నుంచి. అమెరికాలో రాబర్ట్ మార్క్స్ బృందం 1998లోనే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మాను దవడ ఎముక అతుకుల్లో వాడింది. ఆ పద్ధతిలో మొదట రక్తం గడ్డకట్టకుండా ఒక మందు, తర్వాత గడ్డకట్టడానికి ఇంకో మందు కలపాలి. నీస్ మత్తు డాక్టరు జోసెఫ్ షుక్రూన్ ఏమీ కలపలేదు. 2001లో ఆయన బృందం బయటపెట్టిన పద్ధతికి కావాల్సింది రోగి రక్తం, గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్. అంతే.

కానీ ఏమీ కలపని రక్తం ఆగదు, నాళికలో పడగానే గడ్డకట్టడం మొదలెడుతుంది. అందుకే సూది తీయగానే నర్సు పరుగులాంటి నడక. వాడుకలో ఉన్న ఓ లెక్క ప్రకారం నిమిషానికి 2,700 చుట్లు, 12 నిమిషాలు. ఆగాక చూస్తే అడుగున ఎర్రకణాలు, పైన పల్చటి నీరు, నడుమ పచ్చటి జిగురుముద్ద. పట్టకారుతో లేపి ఎర్రభాగాన్ని కత్తెరతో తెంపేస్తారు. పూర్తిగా కాదు, అంచున కొంచెం ఉంచుతారు. ప్లేట్‌లెట్లు గుమిగూడేది అక్కడే. మెల్లగా అదిమితే పొర తయారు. పల్చబడ్డ ఎముక మీద ఎముకపొడి పరిచి, దానిపై ఈ పొర కప్పి చిగురు కుట్టేస్తారు. గాయం మాన్పే పదార్థాలు అందులోంచి కొన్నాళ్ళపాటు ఊరుతూ ఉంటాయి.

"ఇదేంటి డాక్టరుగారూ, పళ్ళకి రక్తం తీయడమేంటి?" అని మన తల్లులు అడగకుండా ఉండరు. ప్లేట్‌లెట్లంటే మనకి డెంగీయే గుర్తొస్తుంది మరి. అడగాల్సిన ప్రశ్నే. సొంత రక్తం కాబట్టి శరీరం తిప్పికొట్టే భయం లేదు. గాయం మానడంలో సాయపడుతుంది. అయితే దీనితో పన్ను త్వరగా కదులుతుందా అంటే పరిశోధనలది తలో మాట. వేరు అరుగుదలను ఆపుతుందన్న రుజువైతే ఇంకా పల్చనే. గ్యారంటీ అని బోర్డు పెట్టేవాళ్ళని నమ్మక్కర్లేదు.

మీ పిల్లలకి క్లిప్పులు వేయిస్తుంటే మొదలుపెట్టేముందు ఎక్స్‌రే తీయించండి. ఆరునెలలకో, ఏడాదిలోపో మళ్ళీ తీయమని మీరే అడగండి. వేర్లు అరుగుతున్నట్టు తేలితే కొన్నాళ్ళు తీగ బిగింపు ఆపమనండి.