ఇంటి కంప్యూటర్‌కు బ్యాకప్: తక్కువ ఖర్చులో భద్రమైన మార్గం ఎంచుకోవడం ఎలా?

పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఇంటి దస్తావేజుల స్కాన్ ప్రతులు, చిన్న దుకాణపు జమాఖర్చులు.. ఒకప్పుడు బీరువాలోనూ, ట్రంకుపెట్టెలోనూ భద్రపరచుకున్న ఇలాంటివన్నీ నేడు చాలా ఇళ్లలో కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లోకి చేరాయి. బీరువాకు తాళం వేయడం ఎవరూ మరచిపోరు. హార్డ్‌డిస్క్ విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ‘రేపు చూద్దాం’ అంటూ వాయిదా పడుతుంటుంది. డిస్క్ పాడైతే కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు. అందులోని సమాచారాన్ని మాత్రం ఏ దుకాణంలోనూ కొనలేం. చెడిపోయిన డిస్క్ నుంచి సమాచారాన్ని వెలికితీసే నిపుణులు ఉన్నప్పటికీ, ఆ ఖర్చు కొత్త డ్రైవ్ ధరకు కొన్ని రెట్లు ఉండవచ్చు. అంతా దక్కుతుందన్న హామీ కూడా ఉండదు.

ఈ నష్టాన్ని నివారించే ఏకైక ఉపాయం బ్యాకప్. అంటే, ముఖ్యమైన సమాచారానికి వేరే చోట మరో ప్రతిని ముందుగానే తీసి ఉంచుకోవడం. ఇందుకు పెద్ద మొత్తం వెచ్చించాల్సిన పని లేదు. అయితే ఏ సాధనం ఏ ప్రమాదం నుంచి కాపాడుతుందో తెలుసుకొని ఎంచుకోవాలి.

ముప్పు ఒక్కటే కాదు

హార్డ్‌డిస్క్ తనంతట తాను చెడిపోవడం ఒక ప్రమాదం మాత్రమే. పొరపాటున ఫైలును తొలగించడం, ల్యాప్‌టాప్ చోరీకి గురికావడం, విద్యుత్ హెచ్చుతగ్గులు, అగ్నిప్రమాదం, వరద వంటివి కూడా అంతే నష్టం కలిగిస్తాయి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వరద ముంపునకు గురయ్యాయి. ఇల్లు మునిగినప్పుడు కంప్యూటర్‌తో పాటు, పక్క సొరుగులోని బ్యాకప్ డ్రైవ్ కూడా మునుగుతుంది.

మరో ముప్పు రాన్సమ్‌వేర్. ఇది కంప్యూటర్‌లోని ఫైళ్లను రహస్య సంకేతాల్లోకి మార్చి, తిరిగి తెరవాలంటే డబ్బు చెల్లించాలని బెదిరించే హానికర ప్రోగ్రామ్. 2017 మే నెలలో ‘వానాక్రై’ అనే రాన్సమ్‌వేర్ అనేక దేశాలను కుదిపేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటివి కంప్యూటర్‌కు తగిలించి ఉన్న బయటి డ్రైవ్‌లోని ఫైళ్లను సైతం వదిలిపెట్టవు.

‘3-2-1’ సూత్రం

ఈ ప్రమాదాలన్నింటినీ దృష్టిలో ఉంచుకొని నిపుణులు సూచించే సులభ సూత్రం ‘3-2-1’. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ డిజిటల్ ఫొటోల నిర్వహణపై రాసిన పుస్తకం ద్వారా ఇది ప్రచారంలోకి వచ్చింది. ముఖ్యమైన ప్రతి ఫైలుకు అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి దూరంగా మరో చోట ఉండాలి.

ఇక్కడ మన ఇళ్లలో తరచూ కనిపించే ఒక అపోహను ప్రస్తావించాలి. చాలా కంప్యూటర్లలో ఒకే డిస్క్‌ను ‘సి’, ‘డి’ అని భాగాలుగా విభజిస్తారు. ‘సి’లోని ఫైళ్లను ‘డి’లోకి నకలు చేసి నిశ్చింతగా ఉండేవారు ఉన్నారు. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చినప్పుడు ఇది ఉపయోగపడవచ్చు. కానీ రెండు భాగాలూ ఒకే డిస్క్‌పై ఉన్నందున, ఆ డిస్క్ చెడితే రెండూ పోతాయి. అది బ్యాకప్ అనిపించుకోదు.

ముందుగా లెక్క తేల్చుకోవాలి

కొనుగోలుకు ముందు, నిజంగా కాపాడుకోవలసినది ఎంతో లెక్కించుకోవాలి. విండోస్, ఇతర సాఫ్ట్‌వేర్, డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలు వంటివి పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. సొంత ఫొటోలు, వీడియోలు, స్వయంగా రాసుకున్న పత్రాలు, ఖాతాల ఫైళ్లు మళ్లీ దొరకవు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, అనేక బోర్డుల మార్కుల పత్రాలను కేంద్ర ప్రభుత్వ ‘డిజీలాకర్’ ద్వారా మళ్లీ పొందవచ్చు. అక్కడ జారీ అయిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చట్టబద్ధత ఉంది. కనుక అవి ప్రాధాన్య క్రమంలో తరువాత వస్తాయి.

ఈ వడపోత పూర్తయ్యాక మిగిలిన ఫోల్డర్ల పరిమాణాన్ని చూసుకోవాలి. పత్రాలు మాత్రమే అయితే కొన్ని జీబీలకు మించవు. ఫొటోలు, వీడియోలు చేరితేనే పరిమాణం పెరుగుతుంది. బ్యాకప్ డ్రైవ్ సామర్థ్యం ఈ మొత్తానికి కనీసం రెట్టింపు ఉండటం మంచిది. పాత ప్రతులకూ, రాబోయే ఏళ్ల ఫైళ్లకూ అప్పుడే చోటు ఉంటుంది. 1 టీబీ డ్రైవ్‌ను తగిలిస్తే విండోస్‌లో దాదాపు 931 జీబీ మాత్రమే కనిపిస్తుంది. ఇది మోసం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా.

ఏ సాధనం ఎవరికి?

పెన్‌డ్రైవ్: కొద్దిపాటి పత్రాలను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి ఇది అనువైనది. చిన్నది కావడంతో సులభంగా పోతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పెడితే అందులోని సమాచారం చెదిరిపోయే అవకాశం ఉంది. ఏకైక బ్యాకప్‌గా దీనిపై ఆధారపడరాదు. కొన్ని వందల రూపాయలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించే వాటి పట్ల మరింత అప్రమత్తత అవసరం. లోపలి చిప్ సామర్థ్యం తక్కువే అయినా, ఎక్కువ ఉన్నట్లు చూపేలా వీటిని తయారు చేస్తారు. అసలు సామర్థ్యం దాటాక నకలు చేసిన ఫైళ్లు చేరినట్లే కనిపిస్తాయి గానీ తెరుచుకోవు.

డీవీడీ: ఒక్కో డిస్క్‌పై 4.7 జీబీ మాత్రమే పడుతుంది. 100 జీబీకి 22 డిస్క్‌లు కావాలి. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండటం లేదు.

పోర్టబుల్ హార్డ్‌డిస్క్: జీబీకి అయ్యే ఖర్చు పరంగా సాధారణ కుటుంబానికి ఇదే చవకైన మార్గం. ఉదాహరణకు రూ.6,000కు కొన్న డ్రైవ్‌ను ఐదేళ్లు వాడితే నెలకు రూ.100 పడుతుంది. యూఎస్‌బీ 3.0 ద్వారా సెకనుకు 100 ఎంబీ వేగం అందితే 100 జీబీ సమాచారం 17 నిమిషాల్లో నకలవుతుంది. అయితే లోపల తిరిగే భాగాలు ఉన్నందున కింద పడితే దెబ్బతింటుంది.

ఎస్‌ఎస్‌డీ: తిరిగే భాగాలు లేవు, వేగం ఎక్కువ, దెబ్బలను తట్టుకుంటుంది. ధర మాత్రం అదే సామర్థ్యం గల హార్డ్‌డిస్క్ కంటే ఎక్కువ. విద్యుత్ అందకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచడానికి ఇది తగినది కాదు. నిత్యం ప్రయాణాల్లో ఉండేవారికి ఉపయోగకరం.

క్లౌడ్: ఇంటికి దూరంగా ప్రతి ఉండాలన్న నియమాన్ని తేలికగా నెరవేర్చేది ఇదే. గూగుల్ ఖాతాతో 15 జీబీ, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌తో 5 జీబీ, యాపిల్ ఐక్లౌడ్‌తో 5 జీబీ ఉచితంగా లభిస్తాయి. గూగుల్ ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోకే వస్తోంది. కోటా నిండితే కొత్త ఈ-మెయిళ్లు రావడం ఆగిపోతుంది. ఎక్కువ స్థలం కావాలంటే చందా కట్టాలి. గూగుల్ వన్ 100 జీబీ ప్లాన్ ధర మన దేశంలో కొన్నేళ్లుగా నెలకు రూ.130, ఏడాదికి రూ.1,300గా ఉంది. అంటే ఐదేళ్లకు రూ.6,500. చేరే ముందు తాజా ధర సరిచూసుకోవాలి.

క్లౌడ్ విషయంలో అప్‌లోడ్ వేగం కూడా కీలకం. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో 100 జీబీ పంపడానికి దాదాపు 22 గంటలు పడుతుంది. మొబైల్ డేటాపై ఆధారపడిన ఇళ్లలో ఇది ఆచరణ సాధ్యం కాదు. అలాంటివారు ముఖ్య పత్రాలను, ఎంపిక చేసిన ఫొటోలను మాత్రమే క్లౌడ్‌లో ఉంచుకోవడం మేలు.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటి సేవలు ప్రధానంగా చేసేది సింక్. అంటే, కంప్యూటర్‌లో ఉన్నదాన్ని యథాతథంగా ఆన్‌లైన్‌లో ప్రతిబింబించడం. ఇక్కడ ఫైలును తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. ఆ రెండు సేవల చెత్తబుట్టలో 30 రోజుల వరకు ఉంటుంది, ఆ తరువాత తిరిగి రాదు. మూడు నెలల క్రితం పొరపాటున చెరిపేసిన ఫోల్డర్ కోసం ఈరోజు వెతికితే ప్రయోజనం ఉండదు. పాత ప్రతులను కూడా దాచి ఉంచేదే నిజమైన బ్యాకప్.

ఖాతా సజీవంగా ఉండటం కూడా ముఖ్యమే. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని సమాచారంతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. అప్పుడప్పుడూ లాగిన్ కావడం, రికవరీ ఫోన్ నంబరును తాజాగా ఉంచుకోవడం అవసరం.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అవసరం లేదు

విండోస్‌లో ‘ఫైల్ హిస్టరీ’ అనే సదుపాయం ఉచితంగానే ఉంది. కంట్రోల్ ప్యానెల్ ద్వారా దీన్ని ప్రారంభిస్తే, బయటి డ్రైవ్ తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్లను నకలు చేస్తుంది. పాత ప్రతులను కూడా ఉంచుతుంది. అయితే డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లనే ఇది తీసుకుంటుంది. ‘డి’ డ్రైవ్‌లో సొంతంగా సృష్టించుకున్న ఫోల్డర్లు దానంతటవే చేరవు, వాటిని ప్రత్యేకంగా లైబ్రరీలో చేర్చాలి. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లలో 2007 నుంచి ‘టైమ్ మెషీన్’ ఇదే పని చేస్తోంది. లినక్స్ వాడేవారికి ‘డెజా డప్’ ఉచితంగా లభిస్తుంది. మొత్తం డిస్క్‌కు ప్రతిరూపం తీయాలంటే ‘క్లోన్‌జిల్లా’ ఉంది.

బడ్జెట్‌ను బట్టి ప్రణాళిక

దాదాపు ఖర్చు లేకుండా: ముఖ్య పత్రాలను ఉచిత క్లౌడ్ కోటాలోనూ, ఇంట్లో ఉన్న నమ్మకమైన పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచాలి. ఫొటోలు ఎక్కువగా లేనివారికి ఇది సరిపోతుంది.

ఒక్కసారి ఖర్చుతో: ఒక పోర్టబుల్ హార్డ్‌డిస్క్ కొని వారానికోసారి పూర్తి బ్యాకప్ తీసుకోవాలి. పత్రాలకు ఉచిత క్లౌడ్‌ను జోడించాలి. ఎక్కువ కుటుంబాలకు ఖర్చు, భద్రతల మధ్య ఇదే సమతూకమైన మార్గం.

మరికొంత ఖర్చుతో: రెండు హార్డ్‌డిస్క్‌లు తీసుకొని, ఒకటి ఇంట్లోనూ, మరొకటి వేరే ప్రాంతంలోని బంధువుల ఇంట్లోనో, బ్యాంకు లాకర్‌లోనో ఉంచి, మూడు నెలలకోసారి మార్చుకోవాలి. వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్నవారు రెండో డ్రైవ్‌కు బదులు క్లౌడ్ చందా ఎంచుకోవచ్చు.

మరచిపోకూడని జాగ్రత్తలు

బ్యాకప్ పూర్తి కాగానే డ్రైవ్‌ను ‘ఎజెక్ట్’ చేసి తీసివేయాలి. రాన్సమ్‌వేర్ నుంచి రక్షణకు ఇది అత్యంత సులభమైన చర్య. నెలలో కొన్ని గంటలు మాత్రమే తగిలించి ఉంచే డ్రైవ్ దాడికి చిక్కే అవకాశం తక్కువ.

బయట ఉంచే డ్రైవ్‌లో పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు ఉంటే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఇందుకు ‘వెరాక్రిప్ట్’ ఉచితంగా లభిస్తుంది. ఆ పాస్‌వర్డ్ పోతే సమాచారం కూడా పోయినట్లే. కనుక దాన్ని కాగితంపై రాసి వేరే చోట భద్రపరచాలి, కుటుంబంలో మరొకరికైనా తెలియజేయాలి. ఇంటి లెక్కలన్నీ చూసుకునే వ్యక్తి హఠాత్తుగా లేకుండా పోతే, మిగిలినవారు బీమా, బ్యాంకు పత్రాల కోసం మొదట వెతికేది ఆ కంప్యూటర్‌లోనే. బ్యాకప్ ఎక్కడుందో, ఎలా తెరవాలో ఒక్కరికే తెలిసి ఉండటం కూడా ప్రమాదమే.

అన్నిటికంటే ముఖ్యం పరీక్ష. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ నిర్మాణ సమయంలో పిక్సర్ సంస్థ కంప్యూటర్లలో ఒక పొరపాటు ఆదేశం వల్ల సినిమా ఫైళ్లలో అధిక భాగం చెరిగిపోయాయి. బ్యాకప్ వ్యవస్థ సరిగా పనిచేయడం లేదన్న సంగతి అప్పుడే బయటపడింది. చివరకు, బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేసిన ఉద్యోగిని గేలిన్ సస్మన్ ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ప్రతి వారిని ఆదుకుంది. తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో చూడకపోవడం, మరో చోట ప్రతి ఉండటం.. ఈ రెండింటి విలువనూ ఆ ఒక్క ఘటన చెబుతుంది.

ఇంటి స్థాయిలో ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. మూడు నెలలకోసారి బ్యాకప్ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఒక పాత ఫొటో, ఒక వీడియో, ఒక పత్రం తెరిచి చూడాలి. డ్రైవ్ నుంచి వింత శబ్దాలు వస్తున్నా, నకలు చేయడం అసాధారణంగా నెమ్మదించినా వెంటనే కొత్తదానికి మారాలి. ఏటా మార్చి 31ని ‘ప్రపంచ బ్యాకప్ దినం’గా పాటిస్తున్నారు. మన దేశంలో ఆర్థిక సంవత్సరం ముగిసేదీ అదే రోజు. లెక్కలు సరిచూసుకునే ఆ రోజునే, ఆ లెక్కలున్న కంప్యూటర్‌కు తాజా ప్రతి ఉందో లేదో కూడా సరిచూసుకోవచ్చు.