మకెరెరె సభ: ఐదు నమ్మకాలు

ఇవాళ 1961 జనవరి నాటి ఒక సభ గురించి చెప్పుకుందాం. ఉగాండాలో, మకెరెరె కాలేజీలో, ఇంగ్లీషు బోధనపై కామన్వెల్త్ సదస్సు జరిగింది. ఉగాండాకు అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు.

ఆ సభలో బలపడిన నమ్మకాలు ఐదని 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ తన పుస్తకంలో రాశాడు. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి. అది మాతృభాష అయినవాళ్ళే మంచి టీచర్లు. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మేలు. ఎంత ఎక్కువ నేర్పితే అంత ఫలితం. వేరే భాషలు వాడితే ఇంగ్లీషు చెడుతుంది. ఈ ఐదూ భ్రమలేనని ఆయన వాదన.

తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే మన బడుల్లో ఉన్నది ఆ ఐదో నమ్మకమే. నేననేది ఒక్కటే: తెలుగులో అర్థమైన పాఠం ఇంగ్లీషుకు అడ్డు కాదు, మెట్టు. పిల్లల నోరు మూయిస్తే రెండు భాషలూ పోతాయి. ఆలోచించండి, ఉంటాను.