అణు వ్యర్థాల నిల్వ: కోలార్ గనుల చుట్టూ రేగిన ప్రశ్న

తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంపై 2012 నవంబరులో సుప్రీంకోర్టులో వాదనలు జరుగుతుండగా కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల పేరు వినిపించింది. అణు వ్యర్థాలను మూతపడిన ఆ గనులలో భద్రపరచనున్నారన్న వార్త వెలువడగానే కె.జి.ఎఫ్. పట్టణంలోను, కోలార్ జిల్లాలోను నిరసనలు మొదలయ్యాయి. అటువంటి ప్రతిపాదన ఏదీ లేదని కేంద్రం కొద్ది రోజులలోనే స్పష్టం చేసింది.

ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువగా ఉన్న ఈ ప్రాంతంలో కన్నడ, తమిళాలతో పాటు తెలుగు మాట్లాడేవారూ గణనీయంగా ఉన్నారు. 1880 దశకంలో ఆధునిక పద్ధతిలో ఆరంభమైన తవ్వకం మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు చేరి, 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. ఉపాధి పోయినా, బంగారం తీయగా మిగిలిన మట్టి గుట్టలుగా నిలిచిపోయింది. స్థానికులు సైనైడ్ దిబ్బలని పిలిచే ఆ గుట్టల నుంచి లేచే ధూళిని ఏళ్ల తరబడి భరిస్తున్న వారికి, మరో పరిశ్రమ వ్యర్థాలు కూడా వస్తాయన్న మాట సహజంగానే ఆందోళన కలిగించింది.

కోలార్ పేరు ప్రస్తావనకు రావడానికి పూర్వరంగం ఉంది. 1980 దశకంలో భాభా అణు పరిశోధన కేంద్రం ఈ గనిలో సుమారు వెయ్యి మీటర్ల లోతున ఒక ప్రయోగం జరిపింది. వ్యర్థాల నుంచి వెలువడే వేడికి చుట్టూ ఉన్న శిల ఎలా స్పందిస్తుందో హీటర్ల సాయంతో పరిశీలించింది. అది శిలపై జరిగిన పరిశోధనే తప్ప వ్యర్థాల నిల్వ కాదు.

భారతదేశం వాడిన అణు ఇంధనాన్ని నేరుగా పాతిపెట్టదు. దానిని శుద్ధి చేసి, తిరిగి ఉపయోగపడే యురేనియం, ప్లుటోనియంలను వేరు చేస్తుంది. మిగిలిన తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని గాజుతో కలిపి గడ్డకట్టించి, ఉక్కు పాత్రలలో భద్రపరుస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఇందుకు ఏర్పాట్లు ఉన్నాయి. అయితే కాలమే అసలు సమస్య. సీసియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్లు కాగా, ప్లుటోనియం-239 అర్ధాయువు సుమారు 24,000 ఏళ్లు.

పర్యావరణ సంస్థ 'పూవులగిన్ నన్బర్గళ్'కు చెందిన జి. సుందర్‌రాజన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 మే 6న తీర్పు చెప్పింది. కూడంకుళం కేంద్రాన్ని అనుమతిస్తూనే, వాడిన ఇంధనాన్ని అక్కడ శాశ్వతంగా ఉంచరాదని, భూగర్భంలో లోతైన నిక్షేప కేంద్రం ఏర్పాటుకు త్వరగా చర్యలు తీసుకోవాలని ఆదేశించింది. రియాక్టరుకు వెలుపల తాత్కాలిక నిల్వ కేంద్రం నిర్మించడానికి విధించిన గడువును 2018లో పొడిగించింది. ఆ నిల్వ కేంద్రంపై 2019 జులై 10న తిరునెల్వేలి జిల్లాలో జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ వ్యతిరేకత నడుమ వాయిదా పడింది. శాశ్వత స్థలం తేలకుండా తాత్కాలిక నిల్వకు అంగీకరిస్తే, అదే శాశ్వతమవుతుందన్నది ఉద్యమకారుల భయం.

ఫిన్లాండ్ ఈ ప్రశ్నను మరో క్రమంలో పరిష్కరించుకుంది. అక్కడి చట్టం ప్రకారం స్థానిక పురపాలక మండలి ఒప్పుకోనిదే నిక్షేప కేంద్రానికి అనుమతి లేదు. యూరాయోకి మండలి 2000లో సమ్మతించగా, మరుసటి ఏడాది పార్లమెంటు ఆమోదించింది. ఆ తరువాతే ఓంకలో భూగర్భ కేంద్రం తవ్వకం మొదలైంది. నాలుగు వందల మీటర్లకు పైగా లోతున్న దాని సొరంగాలను గట్టి శిలలో తొలిచారు.

మన దేశంలో స్థానికులకు అటువంటి నిరాకరణ హక్కు లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద జరిగే బహిరంగ విచారణలో అభ్యంతరాలు నమోదు చేయడమే వారికున్న ప్రధాన మార్గం. కోలార్ ప్రజలకు 2012లో ఆ అవకాశం కూడా రాలేదు. తమ ఊరి పేరును వారు పత్రికలలో చదివి తెలుసుకున్నారు. శిల గట్టిదనాన్ని పరీక్షించినంత శ్రద్ధగా ఆ శిలపై నివసించే వారిని ముందుగా సంప్రదించడం కూడా సురక్షిత నిల్వలో భాగమేనని ఈ ఉదంతం గుర్తు చేస్తోంది.