నిద్ర బాకీ

ఊర్మిళాదేవి నిద్ర పాట వినని తెలుగు ముంగిలి ఒకప్పుడు అరుదు. అడవిలో లక్ష్మణుడు మేలుకొని ఉండగా అతని పదునాలుగేండ్ల నిద్రను ఊర్మిళ తాను నిద్రించి తీర్చింది. ఒకరి నిద్ర మరొకరికి చేరడం కేవలం కల్పన అనే ఇన్నేళ్లూ పాఠం చెప్పాను. ఆ ఊహను ప్రయోగశాలలో పరీక్షించినవారు ఉన్నారని విశ్రాంత జీవితంలో చదివి విస్తుపోయాను.

1909లో జపాను శాస్త్రజ్ఞుడు కునియోమి ఇషిమోరి, నిద్ర లేకుండా ఉంచిన కుక్కల మెదడు నుండి తీసిన సారాన్ని వేరే కుక్కలకు ఎక్కించాడు. అవి నిద్రపోయాయి. ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్సులో లెజాండ్ర్, పియెరాన్‌లు జాగరణ చేయించిన కుక్కల మస్తిష్కమేరు ద్రవంతో అటువంటి ఫలితమే చూశారు. నిద్రకు పదార్థరూపం ఉన్నదని తోచింది గాని, మెదడులోని వేలాది మాంసకృత్తులను ఒక్కసారిగా పరిశీలించే సాధనం నాడు లేదు.

ఆ సాధనం మాస్ స్పెక్ట్రోమెట్రీ. మాంసకృత్తులను తునకలు చేసి, ఆ తునకల ద్రవ్యరాశిని బట్టి ఏది ఏదో పోల్చుకొనే విద్య అది. 2016లో జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో యనగిసావా బృందం, అతిగా నిద్రించే ఎలుకలలో సిక్3 అనే జన్యువు మారి ఉన్నదని కనుగొన్నది. ఎంత నిద్రించినా వాటికి నిద్ర చాలదు. 2018లో చింగ్‌హువా ల్యూ, యనగిసావాల బృందం ఆ ఎలుకల మెదళ్లను జాగరణ చేయించిన ఎలుకల మెదళ్లతో పోల్చింది. ఒకటి అతినిద్ర, ఒకటి నిద్రలేమి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది నిద్ర అవసరం ఒక్కటే. అట్లా పట్టుబడిన మాంసకృత్తులు 80. వాటిలో 69 నాడీకణాల సంధులకు చెందినవి. మెలకువ సాగినకొద్దీ వాటిపై ఫాస్ఫేటు పేరుకొంటుంది; నిద్రలో తరుగుతుంది. బాకీ పద్దు వంటిదే!

ఆ ఫాస్ఫేటును అందించే ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇది చదివిన రాత్రి నాకొక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. మొదటి పీరియడులో కునుకుతున్నాడని వాణ్ణి బెంచీ ఎక్కించాను. రాత్రి కరెంటు ఇచ్చే వేళకు పోయి పొలానికి నీరు కట్టి బడికి వచ్చేవాడని తరువాత తెలిసింది. ఎవరి మెదడులో పేరుకొన్న బాకీని వారే నిద్రించి తీర్చుకోవాలి. వానికి ఊర్మిళ ఎవరున్నారు? ఆ గంటసేపు తల వాల్చనిచ్చి ఉంటే ఏ వ్యాకరణసూత్రమూ చెడిపోయేది కాదు.