బడి ఆవరణలో పళ్ళ క్లినిక్: న్యూజిలాండ్ డెంటల్ నర్సుల చరిత్ర

బడి పిల్లల పళ్ళ సంగతి ప్రభుత్వాలే పట్టించుకోవాలన్న మాట మొదట ఐరోపాలో వినిపించింది. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణపు దంతవైద్యుడు విలియం ఫిషర్ 1885లోనే దీనికోసం వాదించాడు. అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ యెస్సెన్ 1902లో బడి పిల్లలకు ఉచిత క్లినిక్ తెరిచాడు. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ తర్ఫీదు ఇచ్చిన మహిళలు 1914 నుంచి బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేసేవారు. వాళ్ళ పని అంతవరకే. పుచ్చిన పన్నును డాక్టరు కానివారి చేత బాగుచేయించే సాహసం చేసిన దేశం న్యూజిలాండ్.

మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల నోళ్ళు చూసి అక్కడి అధికారులు బెంబేలెత్తారు. సైనిక దంతవైద్య విభాగాన్ని నడిపిన థామస్ హంటర్‌కు ఒక సంగతి స్పష్టమైంది: పళ్ళ పుచ్చును బడి ఈడులోనే పట్టుకోవాలి. అందుకు సరిపడా డాక్టర్లు దేశంలో లేరు. యువతులకు రెండేళ్ళ శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ జీతం మీద బడుల్లో నియమిద్దామని ఆయన ప్రతిపాదించాడు. డాక్టర్లలో కొందరు అభ్యంతరం చెప్పినా పథకం ఆగలేదు. 1921లో వెల్లింగ్టన్‌లో సుమారు 30 మందితో ఈ ‘డెంటల్ నర్సుల’ శిక్షణ మొదలైంది. పిల్లలను లాలించడం ఆడవాళ్ళకే బాగా వస్తుందన్నది పైకి చెప్పిన కారణం. వాళ్ళకు తక్కువ జీతం ఇస్తే సరిపోతుందన్న లెక్కా లేకపోలేదు. ఆ జీతాలు పెంచమని 1974లో డెంటల్ నర్సులు పార్లమెంటుకు ఊరేగింపుగా వెళ్ళాల్సి వచ్చింది.

పెద్ద బడుల ఆవరణలో చిన్న క్లినిక్ గది ఉండేది. తెల్ల దుస్తులు, తలకు తెల్లటి ముసుగు, పైన ఎర్ర స్వెట్టరుతో కనిపించే నర్సు ప్రతి పిల్లవాడినీ ఆరు నెలలకోసారి పిలిచి చూసేది. పుచ్చు తొలిచే డ్రిల్లుకు చాలాకాలం కరెంటు లేదు. కుట్టుమిషను తొక్కినట్టు కాలితో తొక్కుతూ, చేత్తో పన్ను తొలవాలి. అది నెమ్మదిగా తిరిగేది, కనుక నొప్పి ఎక్కువ. తొలిచిన గుంటలో నింపడానికి వెండి మిశ్రమం పొడిని పాదరసంతో కలిపి నూరేవారు, ఆ ముద్దను గుడ్డలో వేసి మిగులు పాదరసాన్ని చేత్తో పిండేవారు. ఆ పాదరసం నర్సుల ఆరోగ్యానికి ముప్పని తర్వాతెప్పుడో గాని పట్టించుకోలేదు.

పిల్లలు ఆ గదికి పెట్టిన పేరు ‘మర్డర్ హౌస్’. క్లాసు తలుపు దగ్గర నర్సు కనిపిస్తే ఎవరి పేరు పిలుస్తుందోనని అందరికీ గుండెలు దడదడలాడేవి. ఏడుపు మాన్పించడానికి నర్సులు దూది చుట్టలతో తేనెటీగ బొమ్మలు చేసి చేతిలో పెట్టేవారు. ఆ బొమ్మలూ ఈ భయమూ రెండూ ఒక తరం జ్ఞాపకాల్లో నిలిచిపోయాయి.

ఈ పద్ధతి పళ్ళను కాపాడిందా? పీకించుకోవాల్సిన పళ్ళెన్నో నిలబడ్డాయి, పేదింటి పిల్లలకూ వైద్యం అందింది. ఆ మేరకు హంటర్ గెలిచాడు. కానీ పుచ్చు పుట్టకుండా ఆపడంలో ఈ సేవ చాలాకాలం వెనకబడింది. పళ్ళు తోమడం గురించి నర్సులు పాఠాలు చెప్పేవారు, నిజమే. అయినా పొద్దంతా పోయేది తొలవడంలోనే. ఆగి చూడదగ్గ చిన్న మచ్చలను కూడా తొలిచి నింపేసేవారు. 1954లో హేస్టింగ్స్ పట్టణంలో తాగునీటికి పుచ్చును తగ్గించే ఫ్లోరైడ్ కలపడం మొదలైంది, తర్వాత ఫ్లోరైడ్ పేస్టులు వచ్చాయి. అయినా 1970లలో ఎప్పుడు తొలవాలో నిర్ణయించే నిబంధనలను బిగించాక గాని డ్రిల్లు జోరు తగ్గలేదు.

ఈ పద్ధతి బయటి దేశాల దృష్టికీ వచ్చింది. 1949లో మలయాలోని పెనాంగ్‌లో ఇదే నమూనాలో శిక్షణాలయం వెలిసింది. అదే కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించబోయి, డాక్టర్ల సంఘాల ఒత్తిడికి వెనక్కి తగ్గింది. న్యూజిలాండ్‌లో ఈ ఉద్యోగం పేరు డెంటల్ థెరపిస్టుగా మారింది, శిక్షణ విశ్వవిద్యాలయాలకు చేరింది. 2003లో అమెరికాలోని అలాస్కా నుంచి స్థానిక తెగల యువత కొందరు ఈ విద్య నేర్చుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి వచ్చారు. తిరిగి వెళ్ళి, డాక్టరు అందుబాటులో లేని పల్లెల్లో పిల్లల పళ్ళు చూడటం మొదలుపెట్టారు.